సేద్యం మూటలో ఏముంటుంది?

సంక్రాంతికి కాస్త ముందూ వెనకా తుంగభద్ర ఒడ్డు నుంచి మార్టూరు వైపు రెండు రకాల బళ్లు వస్తాయి. ఒకటి, సింధనూరు దగ్గరో గంగావతి దగ్గరో ఉన్న క్యాంపు నుంచి పండక్కి చుట్టాలింటికి వచ్చే కారు. ఆ ఇంటి తాత అరవై ఏళ్ల కిందట ఈ చుట్టుపక్కల ఎకరమో రెండెకరాలో అమ్ముకుని, అక్కడ నీళ్లు పారే భూమి కొనుక్కున్నవాడు. రెండోది, కోసిగి, ఆదోని, మంత్రాలయం మండలాల నుంచి మిరపకాయల కోతకు వచ్చే టెంపో. అందులో వంటగిన్నెలు, బియ్యం సంచులు, దుప్పట్లు, తల్లుల ఒళ్లో పిల్లలు. నదికి ఎడమ ఒడ్డున ఉన్నవాళ్లది కారు, కుడి ఒడ్డున ఉన్నవాళ్లది టెంపో. రెండూ రైతు కుటుంబాలే. ఒకరు సేద్యాన్ని వెంటబెట్టుకుని ఊరు దాటారు. రెండోవాళ్లు సేద్యాన్ని ఇంటి దగ్గర వదిలేసి రెక్కలు మాత్రం తెచ్చుకున్నారు.

రైతు ఊరు వదిలేటప్పుడు మూటలో ఏం కట్టుకుంటాడు? విత్తనమా, పనితనమా, దేవుడి పటమా, అప్పు కాగితమా? ఈ ప్రశ్న ఇవాళ ఎక్కువగా వినపడేది ఆఫ్రికా శరణార్థుల గురించి. సోమాలియాలో, బురుండీలో, కాంగోలో యుద్ధాల వల్ల పొలాలు పోగొట్టుకుని, ఏళ్ల తరబడి శిబిరాల్లో రేషన్ గింజల మీద బతికి, చివరికి అమెరికాలో తేలిన రైతులు ఉన్నారు. కొత్త నేల మీద వాళ్లు పాత సేద్యాన్ని ఎలా నిలబెట్టుకుంటున్నారన్నది పెద్ద కథ. మార్టూరు రైతుకు ఆ కథ వినడానికి సముద్రాలు దాటక్కర్లేదు. సగం తుంగభద్ర ఆయకట్టులో ఉంది, మిగతా సగం భద్రాచలం అడవుల్లో ఉంది.

ఆ మాటకొస్తే మార్టూరు తాను కదలకుండానే మూడు జిల్లాలు మారింది. 1970 దాకా గుంటూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల. చేలో పంటలూ అలాగే మారుతూ వచ్చాయి. సాగరు నీళ్లు రాకముందు ఇదంతా మెట్ట. జొన్న, సజ్జ, వరిగ, కంది, ఆముదం. వాటి తర్వాత పొగాకు, పత్తి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక, అద్దంకి బ్రాంచి కాలువ పారినమేర నేల రంగే మారిపోయింది. ఆ నీళ్ల కోసం అవతల ఏలేశ్వరం లాంటి ఊళ్లు మునిగాయి. ఒకచోట సేద్యం కుదురుకోవాలంటే ఇంకోచోట ఎవరో ఊరు ఖాళీ చేయడమన్నది ఆ డ్యాముతో మొదలైందీ కాదు, దానితో ఆగిందీ కాదు.

విత్తనాల లెక్క చూస్తే ఆఫ్రికా రైతు మార్టూరుకు ఎప్పుడో వచ్చేశాడు. జొన్నను సుమారు 5 వేల ఏళ్ల కిందట మచ్చిక చేసుకున్నది ఇప్పటి సూడాన్ తూర్పు భాగంలోని జనం. సజ్జ పుట్టిల్లు సహారాకు దక్షిణపు అంచు. రాగులు ఇథియోపియా, ఉగాండా మెరకల నుంచి వచ్చాయి. బొబ్బర్లదీ ఆముదానిదీ చింతచెట్టుదీ ఆ ఖండమే. తెలుగువాడు తన సొంత ఆస్తిలా చెప్పుకునే గోంగూర మూలాలూ అక్కడే. ఎర్ర గోంగూర పూలు రాలాక మిగిలే ఎర్రని తొడుగుల్ని ఎండబెట్టి సూడాన్‌లో కర్కదే అనే పానీయం కాస్తారు. పశ్చిమాఫ్రికాలో ఆకును మనలాగే పులుపు కోసం కూరల్లో వేస్తారు. ఇక గుంటూరు పేరు నిలబెట్టిన మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో అమెరికా ఖండం నుంచి దిగింది. అది వచ్చి అయిదు వందల ఏళ్లు నిండాయో లేదో.

కానీ గింజ చేరినంత మాత్రాన సేద్యం చేరినట్టు కాదు. ట్రాక్టర్లు రాకముందు ఈ నల్లరేగడిలో జొన్నను గొర్రుతో ఎదబెట్టేవాళ్లు. ముందు అరక తోలే మగమనిషి, వెనక జడ్డిగం పట్టుకుని నడిచే ఆడమనిషి. జడ్డిగమంటే కొయ్యతో చేసిన గిన్నె. దాని అడుగున చిల్లులు, చిల్లులకు వెదురు గొట్టాలు, ఆ గొట్టాలు దిగేది గొర్రు పళ్ల వెనక. గుప్పెట్లో గింజలు పట్టుకుని బొటనవేలితో తోస్తూ గిన్నెలోకి జారవిడవాలి. వేలు బిగిస్తే సాళ్లలో ఖాళీలు పడతాయి, సడలిస్తే మొక్క ఒత్తవుతుంది. ఎద్దులు నడక పెంచితే వేలు కూడా వేగం పెంచాలి. పదును ఎంత లోతున ఉందో అరికాలికి తెలియాలి. తల్లి వెనక నడిచి కూతురు నేర్చుకున్న ఈ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. ఇలాంటి విద్య పదేళ్లు పొలం లేకుండా కూర్చుంటే చేతి నుంచి జారిపోతుంది. విత్తనాన్ని గాదెలో దాచవచ్చు, బొటనవేలి లెక్కను దాచడానికి గాదె లేదు.

తుంగభద్రకు పోయిన కోస్తా రైతుల దగ్గర అలాంటి విద్య పుష్కలంగా ఉంది, అది ఆరిపోయేలోగా వాడుకోవడానికి పొలమూ దొరికింది. హోస్పేట దగ్గర డ్యాముకు 1945లో పునాది పడింది. 1953లో నీళ్లు వదిలారు. ఎడమ కాలువ 227 కిలోమీటర్ల పొడవున కొప్పళ, రాయచూరు ప్రాంతాల మీదుగా సాగుతుంది. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలోని నేల. అక్కడి రైతులు తరతరాలుగా వానను నమ్ముకుని జొన్న, పత్తి పండించినవాళ్లు. మడి కట్టడం, నారు పోయడం, కాలువకు తూము పెట్టుకోవడం వాళ్లకు అలవాటు లేని పనులు. ఇటు కృష్ణా, గోదావరి డెల్టాల వాళ్లకు 1850ల్లో ఆనకట్టలు కట్టినప్పటి నుంచి అదే పని. పైగా డెల్టాలో ఎకరం ధరకు అక్కడ ఎన్నో ఎకరాలు వచ్చేవి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి కుటుంబాలు కదిలాయి. డెల్టా అంచు మెట్ట ఊళ్ల నుంచీ వెళ్లినవాళ్లున్నారు.

ఊరికి దూరంగా, కొన్న పొలం నడుమ, కాలువ పక్కన గుడిసెలు వేసుకున్నారు. వాటికి క్యాంపులని పేరు పడింది. పెంకుటిళ్లు లేచాక, మేడలు కట్టాక కూడా ఆ పేరు పోలేదు. గంగావతి దగ్గరి శ్రీరామనగర్ లాంటివి ఇవాళ చిన్న పట్నాలే. రామాలయం, సంక్రాంతి ముగ్గు, ఆవకాయ జాడీ, వీధి అరుగుమీద తెలుగు పేపరు. పిల్లలు బళ్లో కన్నడం చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. కాపురంతో పాటు నాట్లు వేసే పద్ధతీ కుప్ప నూర్చే పద్ధతీ వెళ్లాయి. కొన్నాళ్లకు వంగడం కూడా వెనకాలే వెళ్లింది. బాపట్ల పరిశోధనా కేంద్రం 1986లో విడుదల చేసిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, తుంగభద్ర ఆయకట్టులో తిష్ఠవేసింది. గంగావతి, కారటగి, సింధనూరు మిల్లుల్లో ఆడిన సన్నబియ్యం బెంగళూరు హోటళ్లకు చేరుతుంది. గంగావతిని కన్నడిగులు తమ రాష్ట్రపు వరి గాదె అంటారు. మార్టూరుకు దగ్గరలోని బాపట్లలో పుట్టిన గింజ ఇంకో రాష్ట్రపు కంచంలో అన్నమైంది.

ఈ కథను ఇక్కడితో ఆపితే కోస్తా రైతు కష్టజీవితానికి హారతి పట్టినట్టుంటుంది. మిగతాది కాలువ చివర ఉంది.

ఎడమ కాలువను గీసిన ఇంజినీర్లు దాన్ని వరి కోసం గీయలేదు. కరువు నేలకు కాసిని నీళ్లు అందించి, జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పైర్లను కాపాడాలన్నది వాళ్ల ఆలోచన. అందుకే నీటిని పల్చగా పరిచి సుమారు 6 లక్షల ఎకరాలకు లెక్క కట్టారు. ఏ సర్వే నంబరులో ఏ పైరు వేయాలో కూడా ముందే రాసిపెట్టారు. కోస్తా రైతు ఆ కాగితం చూడలేదు, కాలువ చూశాడు. నీళ్లు కనపడితే వరి నాటడం అతనికి వంశపారంపర్యంగా వచ్చిన అలవాటు. ఒక ఎకరం వరి తాగే నీళ్లతో మూడు నాలుగు ఎకరాల ఆరుతడి పైరు గట్టెక్కుతుంది. పై ఊళ్లలో మళ్లు నిండినకొద్దీ కింద మాన్వి, రాయచూరు తాలూకాల్లో కాలువ ఎండింది. పీటర్ మొల్లింగా అనే డచ్చి పరిశోధకుడు ఈ ఎడమ కాలువ మీదే ఏళ్ల తరబడి పనిచేసి, నీళ్లు ఎవరి తూము దగ్గర ఆగుతాయో, ఆ ఆగడం వెనక ఎవరి పలుకుబడి ఉందో పుస్తకంగా రాశాడు. పై ఊళ్లకూ దెబ్బ తప్పలేదు. నల్లరేగడిలో ఏడాదికి రెండు కార్లు నీళ్లు నిలబెట్టేసరికి చాలాచోట్ల చౌడు పైకి తేలింది. ఆ చౌడు భూముల మీద పరిశోధన గంగావతిలోనే జరుగుతోంది.

కొత్తగా వచ్చినవాళ్లను చూసి స్థానిక రైతులూ వరికి మళ్లారు కాబట్టి తప్పంతా వలస వెళ్లినవాళ్లదే అనడం న్యాయం కాదు. కానీ డెల్టాలో అబ్బిన అలవాటు మెట్ట కోసం తవ్విన కాలువను తన దారికి తిప్పుకుందన్నది నిజం. ఇప్పుడు ఆ అలవాటు మొత్తం ఒక్క జలాశయాన్ని నమ్ముకుని ఉంది. కట్టినప్పుడు 130 టీఎంసీలకు పైగా పట్టిన తుంగభద్ర, పూడిక చేరి ఇప్పుడు 105 చిల్లర పడుతోంది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు క్యాంపుల్లో ఎవరికీ నిద్ర లేదు. పారే నీళ్ల మధ్యే తాత్కాలిక గేటు దింపించిన నిపుణుడు కన్నయ్యనాయుడు తెలుగువాడే కావడాన్ని క్యాంపుల్లో ముచ్చటగా చెప్పుకున్నారు.

సింధనూరు తాలూకాలో తెలుగు క్యాంపుల పక్కనే ఇంకో రకం క్యాంపులున్నాయి. వాటికి ఊరి పేరు లేదు, ఇంటి పేరు లేదు. ఆర్‌హెచ్ క్యాంపులంటారు, వాటికి వరస నంబర్లు ఉంటాయి. తూర్పు పాకిస్తాన్ నుంచి తరలివచ్చిన బెంగాలీ శరణార్థులకు 1970ల మొదట్లో ప్రభుత్వం అక్కడ పొలాలిచ్చి కూర్చోబెట్టింది. నదులు, చెరువులు, చేపల దేశం నుంచి వచ్చి రాయచూరు ఎండలో పడ్డవాళ్లకు కాలువ ఒక్కటే తెలిసిన ముఖం. వరి వాళ్ల చేతికీ తెలుసు. కొనుక్కుని వచ్చిన గుంటూరు రైతూ పారిపోయి వచ్చిన బెంగాలీ రైతూ ఒకే కాలువ నీళ్లతో ఒకే పంట పండించారు. తేడా కాగితాల్లో ఉంది. తెలుగు క్యాంపువాడు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టినరోజే ఆ నేలకు సొంతదారు. పక్క క్యాంపులో కొందరికి పౌరసత్వ పత్రం చేతికి రావడానికి 2024 దాకా పట్టింది.

ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ల సంగతి చూద్దాం. 1970ల్లో గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లను పత్తి తెల్లగా కప్పేసింది. 1980ల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట కాయతొలుచు పురుగు చచ్చిందని రైతు సంబరపడ్డాడు. తెల్లదోమను తినే మిత్రపురుగులూ వాటితో పాటే చచ్చాయి. ఆకుల కింద దోమ పేరుకుని, దాని జిగురు మీద మసి కట్టి, పైరు నల్లబడి మాడిపోయింది. 1987–88లో పత్తి రైతుల ఆత్మహత్యలు మొదటిసారి పెద్ద వార్తయింది ఈ రెండు జిల్లాల నుంచే. గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధకులు తెల్లదోమను తట్టుకునే కాంచన రకాన్ని తెచ్చేలోపు ఎంతోమంది రైతులు పత్తినే వదిలేశారు. ఇంకొంతమంది ఊరు వదిలారు. వరంగల్లు, ఖమ్మం, పాలమూరు, ఆదిలాబాదు నల్లరేగళ్లు కౌలుకు తీసుకుని, కొనుక్కుని పత్తి వేశారు. సాళ్ల దూరం, తలలు తుంచడం, ఎరువుల మోతాదు వీళ్లను చూసి అక్కడివాళ్లు నేర్చుకున్నారు. మందుల దుకాణంలో అరువు ఖాతా పెట్టడమూ, నాలుగు రకాల మందులు కలిపి కొట్టడమూ కూడా నేర్చుకున్నారు. 1997–98లో వరంగల్లు జిల్లా నుంచి వచ్చిన పత్తి రైతుల ఆత్మహత్యల వార్తలు చదివిన గుంటూరు రైతుకు అందులో కొత్త సంగతేమీ కనపడి ఉండదు.

డబ్బు, చదువు, పలుకుబడి ఉన్న వలస ఇలా ఉంటుంది. తన మంచినీ చెడునీ ఎదుటి నేల మీద గట్టిగా అచ్చు వేస్తుంది. ఏమీ లేని వలస ఎలా ఉంటుందో చూడాలంటే గోదావరి దాకా పోవాలి.

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఒకపక్క మావోయిస్టులు, ఒకపక్క ప్రభుత్వం తుపాకులిచ్చిన ప్రత్యేక పోలీసులు. మధ్యలో బీజాపూర్, దంతెవాడ, సుక్మా పల్లెలు. ఇళ్లు తగలబడ్డాయి, ధాన్యం పోయింది. వేల కుటుంబాలు అడవి దారుల్లో నడిచి చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, చింతూరు వైపు వచ్చేశాయి. ఇక్కడ వాళ్లను గుత్తికోయలంటారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆ ప్రత్యేక పోలీసుల ఏర్పాటు చెల్లదని తీర్పిచ్చింది. తీర్పు వచ్చిందని తగలబడ్డ ఊరు తిరిగి మొలవదు కదా. చాలామంది ఇక్కడే ఉండిపోయారు.

సొంత ఊళ్లో వాళ్లకు పల్లంలో వరి మడి, మెరకలో సామ, కొర్ర లాంటి చిరుధాన్యాలు, ఇంటి వెనక చిక్కుడు పాదు, అడవిలో ఇప్పచెట్లు ఉండేవి. కోయల ఏడాదంతా పండుగలే, ప్రతి పండుగా సేద్యానిదే. విత్తనం చల్లేముందు విజ్జ పండుం. కొత్త చిక్కుడు, కొత్త మామిడి, కొత్త వడ్లు, ఏదైనా ముందు దేవతకు పెట్టాకే నోట పెట్టుకోవాలి. పెద్ద పూజారి ఊరి పొలిమేర దేవతను పిలుస్తాడు. ఆ దేవత ఆ పొలిమేరకే చెందింది. ఊరు మారితే ఆమెను ఎక్కడ నిలబెట్టాలి? కొత్తచోట చెట్లు నరికి పోడు కొడితే అటవీశాఖ ట్రాక్టరు వస్తుంది. పంట నిలిచిన పోడులో ప్రభుత్వ హరితహారం మొక్కలు నాటారన్న గొడవలూ గుడిసెలు పీకేసిన గొడవలూ హైకోర్టు దాకా వెళ్లాయి. నిరుడు విత్తిన చోట ఈ ఏడు విత్తుతామన్న భరోసా లేనప్పుడు, మూడేళ్లకు కాపుకొచ్చే చెట్టు ఎవరు నాటుతారు? సొంత విత్తనం ఎవరు దాస్తారు?

వాళ్లకు అడ్డుపడ్డది ఒక తేదీ. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసీలకు సాగులో ఉన్న అడవి భూమి మీద హక్కు రావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికే ఆ భూమి వాళ్ల చేతిలో ఉండాలి. సల్వాజుడుం మొదలై అప్పటికి ఆరు నెలలు. ఆ ఆరు నెలల తర్వాత పారిపోయి వచ్చినవాళ్లకు ఇక్కడ చట్టం వర్తించదు. అక్కడ వర్తించేది, కానీ హక్కు పత్రాలు పంచేనాటికి వాళ్లు అక్కడ లేరు. పైగా షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. సరిహద్దు వాగు దాటిన క్షణాన ఆదివాసీ కాస్తా ఆదివాసీ కాకుండా పోతాడు. 2023లో తెలంగాణ ప్రభుత్వం సుమారు 4 లక్షల ఎకరాల పోడు భూములకు పట్టాలిచ్చింది. గుత్తికోయల గుడిసెలకు ఆ పండుగ చేరలేదు.

మరి ఏం తింటున్నారు? జనవరి నుంచి గోదావరి ఒడ్డు లంకల్లోనూ మెట్టల్లోనూ మిరపకాయలు కోస్తున్నారు. ఆ తోటలు కౌలుకు పట్టినవాళ్లలో గుంటూరు ప్రాంతం నుంచి వెళ్లిన రైతులూ ఉన్నారు. తన నేల మీద సామ విత్తిన చెయ్యి, ఇంకొకరి నేల మీద ఇంకో ఖండం నుంచి వచ్చిన కాయ కోస్తోంది.

ఇదే కథకు అమెరికాలో ఇంకో ముగింపు దొరికింది. సోమాలియాలో జుబ్బా నది లోయలో మొక్కజొన్న, నువ్వులు, చిక్కుళ్లు పండించే బంటూ రైతులు ఉండేవాళ్లు. వాళ్లు అక్కడికీ ఇష్టపడి వచ్చినవాళ్లు కారు. 19వ శతాబ్దంలో ఇప్పటి టాంజానియా, మొజాంబిక్, మలావీ ప్రాంతాల నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్ల సంతానం. 1991లో సియాద్ బరే ప్రభుత్వం కూలిపోయాక సాయుధ ముఠాలు ముందుగా పడ్డది వీళ్ల గాదెల మీద. తిండిగింజలున్నది వీళ్ల దగ్గరే కదా. కెన్యాలోని దదాబ్ శిబిరాల్లో పదేళ్లకు పైగా గడిపారు. 2003 నుంచి సుమారు 12 వేల మందిని అమెరికా తీసుకుంది. వాళ్లలో కొంతమంది చేరింది మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్ అనే పాత బట్టల మిల్లుల పట్నం. ఏడాదిలో సగం చలి, మంచు.

జుబ్బా గింజలు ఆ చలిలో పండవు. ఇంట్లో రోజూ తినేది సూర్ అనే ముద్ద, మన జొన్న సంకటి లాంటిది. దానికి మొక్కజొన్న పిండి కావాలి. అందుకని ఆ చలినేలకు అలవాటుపడ్డ గట్టి గింజ మొక్కజొన్న రకాన్ని పట్టుకుని సాగు మొదలుపెట్టారు. విత్తనం అక్కడిది, పద్ధతి తమది. కొందరు కలిసి ఒక ముక్క భూమి చేసి, కలిసి కోసి, వచ్చింది పంచుకోవడం వాళ్లకు జుబ్బా నాటి నుంచీ ఉన్నదే. దాన్ని ఇస్కాషితో అంటారు. మొదట్లో అన్నీ కౌలు పొలాలు. ఒక చోట నేల బాగుచేసుకుంటే యజమాని వేరే పనికి అడిగేవాడు, మళ్లీ మూట. ఈ బాధ చూసి సోమాలీ బంటూ సంఘం, అగ్రేరియన్ ట్రస్ట్ అనే సంస్థతో కలిసి వేల్స్ అనే చిన్న ఊళ్లో 107 ఎకరాలను ఉమ్మడి భూమిగా నిలబెట్టుకుంది. ఎవరూ అమ్మడానికి వీల్లేదు, ఎవరూ ఖాళీ చేయించడానికి వీల్లేదు. దానికి లిటిల్ జుబ్బా అని పేరు పెట్టుకున్నారు. రెండు వందల ఏళ్లలో మూడు దేశాలు మారిన సేద్యం అది. ఇప్పుడక్కడ మేకలున్నాయి, కోళ్లున్నాయి, పిల్లలకు పొలం పని నేర్పే తాతలున్నారు.

మార్టూరు మిరపతోటకు తిరిగివద్దాం. కోసిగి నుంచి వచ్చిన ముఠా పొద్దుటి మంచు విడవకముందే చేలో దిగుతుంది. కాయ తొడిమతో రావాలి, కొమ్మ విరగకూడదు, పచ్చికాయ చేతికి తగలకూడదు. నాలుగో రోజుకు గోళ్ల సందుల్లో మంట మొదలవుతుంది, రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకుని పడుకుంటారు. కోసిన కాయ కళ్లంలో పట్టాల మీద ఎండుతుంది. ఎండాక ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు ఏరతారు. తర్వాత టిక్కీలు కుట్టి గుంటూరు యార్డుకు. ఈ ముఠాలో చాలామందికి ఇంటి దగ్గర రెండు మూడెకరాల మెట్ట ఉంది. పాసుపుస్తకం కూడా ఉంది. పక్కనే తుంగభద్ర పారుతున్నా చాలా పొలాలకు నీరందదు. వేరుశనగో పత్తో వాన మీద ఆధారపడి ఒక కారు తీసి, అది కాగానే ఇంటికి తాళం వేస్తారు. భూమి మీద హక్కు ఉంది, నీటి మీద లేదు.

ఆ తోట సాగు చేస్తున్న రైతుకు ఏముంది మరి? చాలా తోటల్లో అతను కౌలుదారు. పొలం సొంతదారు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. కొందరి పిల్లలు డల్లాస్‌లో ఇంటి వెనక తొట్లలో గోంగూర పెంచుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుల కోసం 2011లో ఒక చట్టం వచ్చింది, 2019లో ఇంకోటి వచ్చింది. రెండోదాని ప్రకారం పంట సాగుదారు కార్డు కావాలంటే సొంతదారు సంతకం పెట్టాలి. కార్డు కాలం 11 నెలలు. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని చాలామంది పెట్టరు. సంతకం లేకపోతే బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం పేరు మారి సొంతదారుకు పోతుంది.

ఈ 11 నెలల లెక్క మట్టిలో కనపడుతుంది. పూర్వం ఎండాకాలంలో చెరువు ఎండగానే బళ్లు కట్టి పూడిక మట్టి పొలాలకు తోలేవాళ్లు. ఆ మట్టి గుణం మూడు నాలుగేళ్లు నేలలో నిలుస్తుంది. తొలకరికి జనుమో పిల్లిపెసరో చల్లి కలియదున్నేవాళ్లు. మిరప తర్వాత మిరప వేయకుండా ఒక ఏడు జొన్న వేసేవాళ్లు. ఇవన్నీ తెలిసిన రైతులు మార్టూరు మండలంలో ఇప్పటికీ ఉన్నారు, అడిగితే వరస తప్పకుండా చెబుతారు. కానీ వచ్చే ఏడు ఈ పొలం తనకే ఉంటుందో, ఎక్కువ కౌలు ఇస్తానన్నవాడికి పోతుందో తెలియనప్పుడు ట్రాక్టరు ట్రిప్పుకు అంత ఖర్చు పెట్టి మట్టి తోలించేదెవరు? జొన్న వేస్తే కౌలు డబ్బులే రావు. అందుకని మళ్లీ మిరపే వేస్తాడు, మళ్లీ డీఏపీ, మళ్లీ మందు. పక్క చేను సొంత పొలమైతే అక్కడ మే నెలలో చెరువు మట్టి కుప్పలు కనపడతాయి. ఒకే నేల, ఒకే కాలువ, ఒకే పంట, ఒకే బడిలో చదివిన ఇద్దరు రైతులు. ఒకరు మట్టి తోలిస్తారు, ఇంకొకరు తోలించరు.